తడిసిన బూడిద

తడి నూలు కట్టను, మేం చిలప అంటాం, భుజాన వేసుకుని ఎప్పుడైనా నడిచారా? మొదట చల్లగా ఉంటుంది. కాసేపటికి అది అక్కడ ఉన్న సంగతే గుర్తుండదు. ఆ తర్వాత ఎక్కడో మధ్య దారిలో భుజం ఒక్కసారిగా కుంగిపోతుంది. నేను కొన్నేళ్లుగా ఒక మాటను అట్లా మోస్తున్నాను. ఈ మధ్య భుజం కుంగింది.

నాకు నలుగురిలో నోరు పెగలదు. రాసుకోవడం మాత్రం చిన్నప్పటి నుంచీ అలవాటు. వాన, ఎండ, చదివిన పుస్తకం, వచ్చిన కల అన్నీ రాసుకుంటాను. ఈ ఒక్కటే రాయలేదు. ఆ రోజు డైరీలో ఏం రాశానో మొన్న తీసి చూసుకున్నాను. "రాత్రి వానకు పెరడంతా బురద. పొద్దున మంచి ఎండ." అంతే ఉంది. అది అబద్ధం కాదు. అయినా దాన్ని చూస్తే నాకు సిగ్గేసింది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలనేమో అనిపిస్తోంది.

మాది కట్టంగూరు నుంచి లోపలికి వెళ్లే బండ్ల బాటలో ఒక ఊరు. మేం సాలెవాళ్లం. బాపుకు చిన్న కార్ఖానా ఉండేది. వరుసగా మగ్గాలు, వెనక పెరట్లో నూలు నానబెట్టే గోలేలు. మేం నేసేది ఎర్ర రుమాళ్లు. వాటి నూలును నువ్వుల నూనెలో, బూడిద నీళ్లలో పిసికి, ఎండబెట్టి, మళ్లీ పిసికి, మళ్లీ ఎండబెట్టి, ఆ తర్వాతే రంగులో వేస్తారు. అట్లా చేస్తేనే ఎరుపు నిలుస్తుంది. మా రుమాళ్లు బొంబాయిలో ఓడ ఎక్కి అరబ్బుల దేశానికి పోయేవి. అక్కడ మగవాళ్లు వాటిని తలకు చుట్టుకుంటారట. ఎండలో ఆరుతున్న ఎర్ర చిలపల మధ్య నిలబడి నేను ఆ దేశాన్ని ఊహించుకునేదాన్ని. ఇసుక, ఇసుక మీద ఒంటెలు, ఒంటెల మీద మా పెరటి నూనె వాసన.

ఆ నూనె పనిలో ప్రాణమంతా బూడిద నీళ్లలో ఉంది. ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద కావాలి. దాన్ని నీళ్లలో కలిపి, తేరిన నీళ్లు వంచి, అందులో నూనె వేస్తారు. బూడిదలో బలం ఉంటే నూనె కలిసి నీళ్లు పాలలా తెల్లబడతాయి. మా వాళ్లు "పాలయినయ్" అంటారు. బలం లేకపోతే నూనె కలవదు. కళ్లు కళ్లుగా పైన తేలుతుంది. ఆ నీళ్లలో ఎన్నాళ్లు పిసికినా నూలు లోపలికి నూనె పోదు. రంగు పట్టినట్టే కనిపించి, ఉతికితే వదిలేస్తుంది.

ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. మా ఇళ్లలో బూడిద నీళ్ల విద్య కోడలికి చెబుతారు, కూతురికి చెప్పరు. కూతురు రేపు ఇంకో ఇంటికి పోతుంది, విద్య కూడా వెంట పోతుంది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అన్న హైదరాబాదులో చదువుకునేవాడు. రాబోయే వదిన కోసం బాపు ఆ విద్యను దాచిపెట్టాడు. నేను తలుపు చాటున నిలబడి, గోలెంలో నూనె పడ్డప్పుడు నీళ్ల రంగు మారడం చూసి చూసి నేర్చుకున్నాను. నాకు వచ్చని ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందని భయపడ్డానో ఇప్పటికీ తెలియదు.

పోలీసు చర్య జరిగిన తర్వాతి ఎండాకాలం అది. రజాకార్ల భయం పోయింది. దాని జాగాలో ఇంకో భయం వచ్చి కూర్చుంది. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు కొందరు గుట్టల్లోకి పోయారు. మిలిటరీ జీపులు ఊళ్లమ్మట తిరుగుతుండేవి. జీపు చప్పుడు వినబడితే మగ్గాల చప్పుడు ఆగిపోయేది. అది పోయాక ఒక్కొక్కటిగా మళ్లీ మొదలయ్యేవి.

అటువంటి ఒక జీపులోనే శిక్షణ ఆఫీసరు వచ్చాడు. కోస్తా వైపు మనిషి. మాటకు ముందొక "అండి", వెనకొక "అండి". ఊళ్లోని కార్ఖానాదారులను మా అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాడు. సర్కారు కొత్త పథకం పెట్టింది. పని లేనివాళ్లకు కార్ఖానాల్లోనే పని నేర్పాలి. నేర్చుకున్నన్నాళ్లు వాళ్ల తిండి ఖర్చు సర్కారు చూసుకుంటుంది.

"జర్మనీ దేశంలో పని నేర్పడం యజమాని విధి అండి. ఇంగ్లండులో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలకు ప్రభుత్వమే పని నేర్పిస్తోందండి" అన్నాడు.

పక్క కార్ఖానా వెంకయ్య మామ చుట్ట నోట్లోంచి తీశాడు. "నేర్పుడు మాది, బువ్వ పెట్టుడు మీది. మంచిగనే ఉన్నది సారూ. నేర్చుకున్నంక గా మనిషి పోయి ఇంకొకని మగ్గం మీద కూసుంటె నాకేం మిగుల్తది? నేనేమన్న పిచ్చోన్నా?"

"కొన్ని దేశాల్లో దానికీ ఉపాయం ఉందండి. కార్ఖానాల వాళ్లందరూ ఒక నిధిలో తలా కొంత వేస్తారు. నేర్పినవాళ్లకు అందులోంచి ఇస్తారు."

"గా నిధి తాళం ఎవని తాన ఉంటది సారూ?"

అందరూ నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వాడు. బాపు నవ్వలేదు. "చేతిల పని లేకనే గద పోరగాండ్లు గుట్టలు పట్టి, జీపు చప్పుడుకు ఉరుకుతున్నరు. పంపుండ్రి సారూ, నేను నేర్పుత" అన్నాడు.

తలుపు వెనక నాకు ఆ దేశాల పేర్లు తప్ప మిగతావేవీ వినబడలేదు. అన్న తెచ్చి పడేసిన పాత పత్రికల్లో మంచు కురిసే ఊళ్ల బొమ్మలు చూశాను. ఆ మంచులో ఒక కార్ఖానా. లోపల వెచ్చగా ఉంటుంది. ఒక ముసలి మేస్త్రి పక్కన నా ఈడు పిల్ల కూర్చుని ఉంటుంది. మేస్త్రి ప్రతి సంగతీ పైకి చెబుతాడు, మొదటి నుంచి చివరిదాకా, ఏదీ మింగకుండా. నువ్వు రేపు ఏ ఇంటికి పోతావని ఆమెను ఎవరూ అడగరు. ఆ రోజంతా నేను ఆ మంచులోనే తిరిగాను. ఆ పిల్లకు నా ముఖం ఉండేది.

నెల తిరగక ముందే మా ఇంటికి నేర్చుకోవడానికి మనిషి వచ్చింది. నేను కాదు. లింగమ్మ.

లింగమ్మది మెట్ట చెలకల అవతలి ఊరు. కూలి చేసుకు బతికే ఇల్లు. నాకంటే కొన్నేళ్లు పెద్దది. ఆమె పెనిమిటి సంఘంలో తిరిగేవాడు. ఒక రోజు పోయినవాడు మళ్లీ రాలేదు. గుట్టల్లో ఉన్నాడో, జైల్లో ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. జీపు మాటిమాటికీ ఆమె గుడిసె ముందు ఆగేది. "పెనిమిటి యాడున్నడని అడుగుతరు. నాకెర్క ఉంటె నేనే పోయి చెవు పట్టుకొని గుంజుకొస్త గద అని చెప్పిన" అని నవ్వేది. నవ్వుతూనే చేతులతో చీర కొంగు నలిపేది.

పొద్దున్నే చెలకల మీదుగా నడిచి వచ్చేది. నూలు పిసికే పని నేనూ ఆమె పక్కనే చేసేదాన్ని. సంఘంలో అందరినీ వరుసలు పెట్టి పిలిచే అలవాటు పడిందట, నన్ను "చెల్లె" అనేది. వెంకయ్య మామ భార్య ఒకసారి విని మూతి తిప్పింది. "చెల్లెనా? ఏ గడపల పుట్టిన చెల్లె?" లింగమ్మ తడుముకోలేదు. "ఒక్క గోలెంల చెయ్యి పెట్టినం గదమ్మా, గందుకే" అంది. నేను ఆమెను ఏమనీ పిలవలేదు. అక్కా అనాలని నాలుక చివరిదాకా వచ్చేది. బయటికి వచ్చేది కాదు.

ఆమె నేర్చుకునే తీరు చూడముచ్చటగా ఉండేది. చిలపను పిసుకుతూ కళ్లు మూసుకునేది. వేళ్లతో వినేదేమో. బాపు ఆమెకు అన్నీ పైకి చెప్పేవాడు. "గట్ల గాదు బిడ్డా. నూలును కొట్టకు, బుజ్జగించు." బిడ్డా అని పిలిచేవాడు. నీళ్ల సంగతి మాత్రం చివరికి ఉంచాడు. అవి తనే కలిపి ఇచ్చేవాడు. "గది ఆఖరుకు చెప్త. నీకు చెప్పక ఎవరికి చెప్త?" అన్నాడు.

ఆ మాట తలుపు చాటున నాకు వినబడింది.

కోపం వచ్చిందని చెప్పడం సులువు. కోపం కాదు. ఒక గదిలోకి నన్ను ఎన్నడూ రానివ్వలేదు. అది ఇంటి కట్టుబాటు కదా అని నన్ను నేను సముదాయించుకున్నాను. ఇప్పుడు సర్కారు చెప్పిందని ఆ గది తలుపులు బార్లా తెరిచారు, దారిన పోయే మనిషి కోసం. అంటే అది కట్టుబాటు కాదా? నాకు మాత్రమేనా? అట్లా అడగడానికి నాకు నోరు ఉంటే ఈ కథ ఉండేది కాదు. నేను అడగలేదు. బాపు, నాకూ చెప్పవా, అని ఒక్కసారి అంటే సరిపోయేది. ఆ ఒక్కమాట అడగలేని దాన్ని, ఏం చేశానో చూడండి.

ఆఫీసరు మళ్లీ వచ్చాడు. నల్లగొండ పట్నంలో ఆడవాళ్ల కోసం ఒక కేంద్రం తెరవబోతున్నారట. పని నేర్చుకున్న ఆడవాళ్లు తమ చిలపను మొదటి నుంచి రంగు దాకా సొంతంగా చేసి చూపించాలి. నెగ్గిన మనిషికి అక్కడ నేర్పే ఉద్యోగం, ఉండటానికి గది. లింగమ్మ ఆ రోజు మొదటిసారి నవ్వకుండా మాట్లాడింది. "మా అత్తను తోలుకొని పట్నం పోత చెల్లె. పట్నంల గా జీపుకు నా ఇల్లు దొరకదు." ఆమెకు ఆ ఉద్యోగమంటే అది. జీపుకు దొరకని ఒక ఇల్లు.

ఆమె చిలప మొదలుపెట్టాల్సిన నాడే, నీళ్ల సంగతి చెప్పకముందే, బాపుకు జ్వరం తగిలింది. మంచంలోంచి ఆమెకు కొలతలు మాత్రం చెప్పాడు. ముందు రాత్రి కాలం కాని కాలంలో వాన పడి, కొట్టంలో కుప్ప పోసిన బూడిద తడిసింది. తడిసిన బూడిదలో బలం ఉండదు. వాన దాన్ని తీసుకుపోతుంది. ఆరాక చూడటానికి మాత్రం మామూలు బూడిదలాగే ఉంటుంది. లింగమ్మ ఆ కుప్పలోంచే తీసుకుంది. ఆమెకు తెలియదు. బాపు మంచంలోంచి నన్ను పిలిచాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి కాలిపోతోంది.

"నీళ్లు పాలయినయో లేదో నువ్వు జూసి చెప్పు బిడ్డా. నీకెర్కనే గద."

నాకు వచ్చని బాపుకు తెలుసు. ఎన్నాళ్లుగా తెలుసో. నేను తలుపు వెనక నిలబడటం ఆయన చూస్తూనే ఉన్నాడు. ఆ మాటతో నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లతోనే పెరట్లోకి వెళ్లాను.

మంచి ఎండ. తడి నేల మీద ఆవిరి లేస్తోంది. ఆరేసిన పాత చిలపలు ఆవిరిలో ఎర్రగా, మెల్లగా ఊగుతున్నాయి. అంతా కలలో ఉన్నట్టే ఉంది. లింగమ్మ గోలెం మీదికి వంగి నూనె వేస్తోంది. నేను పక్కకు వెళ్లి చూశాను. నీళ్లు తెల్లబడలేదు. నూనె పైన తేలుతోంది, చిన్న చిన్న బంగారు కళ్లలాగా. ఒక్కో కంట్లో ఒక్కో సూర్యుడు. ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను.

ఆమె తల ఎత్తింది. "కండ్లు తేలుతున్నయ్ చెల్లె. బాపు కలిపిన్నాడు గిట్ల లేకుండె. సరేనా?"

"తేలనీ. ఎండకు సర్దుకుంటయ్" అన్నాను.

"నిజంగనా?"

"ఆ."

నేను ఆమెతో అంత స్పష్టంగా ఎప్పుడూ మాట్లాడలేదు. గొంతు వణకలేదు. మాట తడబడలేదు. అది నా గొంతేనా అని నాకే వింతగా ఉండింది.

లోపలికి వెళ్లాను. "పాలయినయా బిడ్డా?" అన్నాడు బాపు. "అయినయ్ బాపూ" అన్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు.

ఒక్క క్షణం నోరు జారిందని నన్ను నేను మన్నించుకోవచ్చునేమో. కానీ అది ఒక్క క్షణం కాదు. నూనె పని రోజుల తరబడి సాగే పని. ప్రతి పొద్దునా ఆమె చెలకలు దాటి వచ్చి, కళ్లు మూసుకుని ఆ చిలపను పిసికేది. మధ్యాహ్నం నేనిచ్చిన చల్ల తాగి పట్నం కబుర్లు చెప్పేది. అక్కడ కుళాయిలు ఉంటాయట, నిజమేనా అని అడిగేది. ప్రతి పొద్దునా నేను చెప్పవచ్చు. బూడిద మార్చుదాం అంటే చాలు, అప్పటికి ఇంకా వ్యవధి ఉంది. అననే లేదు. ఆ రోజుల్లో నేను చాలా పుస్తకాలు చదివాను. ఒక్కటీ గుర్తులేదు. నాకేం కావాలి? ఆ ఉద్యోగమా? నేను దాన్ని అడగలేదు, కోరుకున్నానని కూడా ఒప్పుకోలేదు. ఆమె ఓడిపోవాలనా? అదీ కాదనుకుంటాను. నాకు తెలిసినది ఒకటి ఆమెకు తెలియకుండా ఉండాలి. బహుశా అంతే కావాలి. అంత చిన్న కోరిక.

పరీక్ష నాడు ఆఫీసరు అరుగు మీద నీళ్ల గిన్నె పెట్టించాడు. బాపు లేచి తిరుగుతున్నాడు, ఇంకా నీరసంగా. లింగమ్మ చిలప ఎర్రగా మెరిసిపోతోంది. చూసినవాళ్లందరూ ఆహా అన్నారు. వేడి నీళ్లలో సబ్బు వేసి దాన్ని ముంచారు. నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. తర్వాత ఎర్రబడ్డాయి. మళ్లీ నీళ్లు మార్చి ముంచారు. మళ్లీ ఎర్రబడ్డాయి. లింగమ్మ ఆ గిన్నెలోకే చూస్తూ నిలబడింది. ఆమె చేతులు కొంగును వెతుక్కోవడం చూశాను.

"ఎవరు నేర్పారండి ఈవిడకి?" అన్నాడు ఆఫీసరు.

బాపు నోరు తెరవక ముందే ఆమె అంది. "నేర్పినోళ్లు మంచిగనే నేర్పిండ్రు సారూ. నాకే చెయ్యి రాలే."

నా వైపు చూసింది. అనుమానంతో కాదు. నన్ను నిందిస్తారేమోనని చూసింది. ఆ చూపు కంటే ఆమె నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

అందరూ పోయాక బాపు నన్ను అడిగాడు. "బూడిద యాడిది తీసిండ్రు?"

"కొట్టంల కుప్పది."

ఆయన కొట్టం దిక్కు చూశాడు. "తప్పు నాది. నీకెన్నడు దగ్గర కూసోబెట్టుకొని చెప్పకపోతిని. చాటుంగ జూసి నేర్సినదానివి, నీకేం ఎర్క? గా పిల్ల కడుపు కొట్టిన" అన్నాడు. మరునాటి నుంచి నాకు అన్నీ పైకి చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి నుంచి చివరిదాకా. ఏదీ మింగకుండా.

అర్థమైందా మీకు? నేను చేసిన పనికి నాకు దొరికిన శిక్ష అది.

లింగమ్మ మళ్లీ రాలేదు. ఆడవాళ్ల కేంద్రం మరుసటి ఏడు తెరిచారు. నేర్పే మనిషి దొరకలేదని ఆఫీసరు బాపును అడిగాడు. బాపు నన్ను పంపాడు. నల్లగొండలో ఒక గది ఇచ్చారు. కుళాయి ఉంది. ఆ గదిలోనే కూర్చుని ఇది రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరే ముందు ఒకసారి ధైర్యం చేసి లింగమ్మ ఊరికి బండి కట్టించుకుని వెళ్లాను. అన్నీ చెప్పేయాలని దారంతా మాటలు కూడబలుక్కున్నాను. గుడిసెలో ఆమె అత్త ఒక్కతే ఉంది. లింగమ్మ పోయిందట. కొత్తకోట దిక్కు నుంచి ఒక మేస్త్రి వచ్చి, డ్యాము పనికి మట్టి మోసే జనాన్ని లారీ ఎక్కించుకుపోతుంటే వాళ్లతో పోయిందట. ఏ డ్యాము, ఏ రాజ్యం, ముసలమ్మకు తెలియదు.

"జీపోళ్లు మల్ల మల్ల వస్తుండె బిడ్డా. ఒకనాడు క్యాంపుకు తోల్కపోయిండ్రు. వచ్చినంక రెండు దినాలు మాట్లాడలే. ఇగ ఈడ ఉండనత్తా అన్నది, పోయింది." అని ఆగి నా ముఖంలోకి చూసింది. "నువ్వు సాలోళ్ల పిల్లవు గదూ? నీ పేరు మస్తు చెప్తుండె. మా చెల్లె ఓపికతోని నేర్పింది, నాకే రాకపాయె అని."

నాకు జొన్న రొట్టె, పచ్చి పులుసు పెట్టింది. వద్దనలేకపోయాను. తిన్నాను. మొత్తం తిన్నాను. కూడబలుక్కున్న మాటలన్నీ ఆ రొట్టెతో పాటు మింగి, బండెక్కి వచ్చాను.

పోయిన ఏడు బాపు పోయాడు. ఆఖరు రోజుల్లో కూడా ఒకసారి అన్నాడు, గా పిల్ల ఎట్లున్నదో, నా మూలాన, అని. నేను ఆయన కాళ్లు ఒత్తుతున్నాను. ఒత్తుతూనే ఉన్నాను. నీ మూలాన కాదు బాపూ అనడానికి నాకు ఇంకేం అడ్డం? ఆయన ఆ తప్పును తనదిగానే తీసుకుపోయాడు.

ఇప్పుడు చెప్పడానికి బాపు లేడు. లింగమ్మ ఎక్కడుందో తెలియదు. ముసలమ్మ దగ్గరికి మళ్లీ పోతానా? పోతానని రాయాలని ఉంది. రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుందేమో. ఉద్యోగం వదిలేస్తానా? వదలను. నాకు ఈ పని ఇష్టం. ఈ మాట కూడా ఒప్పుకోవాలి, లేకపోతే మిగతాదంతా చెప్పి లాభం లేదు.

మీరు నన్ను మన్నించాలని అడగటం లేదు. మన్నించే హక్కు మీది కాదు. ఒక్కటి మాత్రం మీకు తెలిసి ఉండాలి. ఆఫీసరు కాగితాల్లో ఎక్కడో లింగమ్మ పేరు ఎదురుగా పని రాలేదు అని రాసి ఉంటుంది. ఆమెకు పని వచ్చింది. నేను చూశాను. ఆమె చేతుల్లో వచ్చినంత చక్కగా నా చేతుల్లో ఈనాటికీ రాదు. ఆమె నన్ను సరేనా అని అడిగింది. సరి కాదని నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

తెలిసే చెప్పాను, అక్కా.